సంధి కుదరని గొట్టాలు

మా పడమటి ప్రకాశంలో నీళ్ళ గూర్చి మాట్లాడని మనిషి లేడు. నీళ్ళ గొట్టాల అతుకుల గూర్చి మాట్లాడే మనిషి మాత్రం నాకింతవఱకు తారసపడలేదు. పద్యమూ వ్యాకరణమూ వ్రాసుకొనే ఈ అయ్యవారు ప్లంబింగు మీద పడ్డాడేమిటని బ్లాగ్మిత్రులు కొందఱు నవ్వుకోవచ్చు. నవ్వండి. ముప్పై యేండ్లకు పైగా బడిలో సంధులు చెప్పినవాణ్ణి. రెండు కలిసే చోట ఏమి జరుగుతున్నదో చూడటం నా వృత్తిధర్మం. పదాల నడుమ సంధి తప్పితే చెడేది పద్యం ఒక్కటే. గొట్టాల నడుమ సంధి తప్పితే తోట ఎండుతుంది, చంటిపిల్లకు విరేచనాలు పట్టుకొంటాయి.

నా అభియోగం సూటిగా చెప్తాను. గొట్టం కొనేటప్పుడు చూపే శ్రద్ధలో పదోవంతు కూడా ఇక్కడ అతుకు మీద చూపటం లేదు. రైతు చూపటం లేదు. అమ్మేవాడు చూపనివ్వటం లేదు. ప్రజల సొమ్ముతో గొట్టాలు వేయించేవారు ఆ మాటే ఎత్తటం లేదు. ముగ్గురిలో రైతు తప్పు అన్నిటికంటె చిన్నది. తిట్లు మాత్రం అన్నీ అతడికే. "వీళ్ళకు తెలివి లేదండీ, సైకిల్ ట్యూబు చుట్టి వదిలేస్తారు" అని పట్నపు బంధువులు మా ఇంట కాఫీ త్రాగుతూ అంటుంటారు. ట్యూబు చుట్టటం తెలివిలేమి కాదు. సరియైన వస్తువు దుకాణంలో లేనప్పుడు, ఉన్నా దాని పేరు చెప్పేవాడు లేనప్పుడు, మోటారు ఆగి చేను మాడుతున్నప్పుడు చేతిలో ఉన్నదానితో చేసిన ప్రథమచికిత్స అది. ప్రథమచికిత్సనే శాశ్వతవైద్యంగా చెలామణి చేయిస్తున్నవారితోనే నా పోరు.

ముందు గొట్టాల కులగోత్రాలు చెప్పాలి, లేకుంటే తగవు అర్థం కాదు. నిటారుగా నిలిచే బూడిదరంగు గొట్టం పి.వి.సి. చుట్టలుగా చుట్టి అమ్మే నల్లనిది హెచ్.డి.పి.ఇ.; పాలిథిన్ జాతిది. మంచినీటికి వాడే దాని మీద పొడుగునా నీలిచారలు ఉంటాయి. ఇండ్లకు కుళాయి ఇచ్చేటప్పుడు వేసే సన్నని నీలి గొట్టం కూడా ఆ జాతిదే. బయటి నుంచి చూస్తే అన్నీ ప్లాస్టిక్కే. అతుకు దగ్గఱకు వచ్చేసరికి ఒకదానికొకటి ఏ బంధుత్వమూ లేదు.

పి.వి.సి.కి పూసే సొల్యూషన్ జిగురు కాదు. అది ఆ ప్లాస్టిక్కు పైపొరను కరిగిస్తుంది. కరిగిన రెండు పొరలూ ఒకదానిలో ఒకటి కలిసి, ద్రావకం ఆవిరై, ఒకే ముక్కగా గట్టిపడతాయి. పాలిథిన్‌ను ఆ ద్రావకం ఏమీ చేయలేదు. తామరాకు మీద నీటిబొట్టు వలె పైనే ఉండి ఆఱిపోతుంది. ఇది పాతిక రూపాయల ట్యూబుకు, ఐదువందల డబ్బాకు సమానంగా వర్తించే రసాయనశాస్త్రం. అయినా మా వైపు ఒకానొక దుకాణంలో నా కళ్ళెదుటే జరిగిన సంభాషణ వినండి.

"అన్నా, ఈ నల్ల పైపు అతికేదానికి ఏమన్నా ఉందా?"

"ఈ సొల్యూషన్ పూసి రెండు గంటలు కదపబాక. ఇంక జన్మలో ఊడదు."

ఆ రైతు డబ్బు తీస్తుంటే నేను ఆపాను. దుకాణదారు నా వైపు చూచి, "అయ్యవారూ, మీరు పాఠాలు చెప్పుకోండి, మేము పైపులు అమ్ముకొంటాము" అన్నాడు. నేను పాఠమే చెప్పాను. ఇప్పుడు మీకూ అదే చెప్తున్నాను.

వ్యాకరణంలో సంధి రెండు విధాలుగా ముగుస్తుంది. రెండు స్వరాలు కలిసి ఒక్కటే స్వరంగా నిలవటం ఒకటి: రామ, అవతారము కలిసి రామావతారము. విడదీయబోతే మాటే విఱుగుతుంది. పి.వి.సి.కి సొల్యూషన్ పూసిన అతుకు ఈ తెగది. రెండవది, స్వరాలు కలవటానికి ఒప్పుకోనప్పుడు నడుమ యకారం వచ్చి కూర్చోవటం: మా, అమ్మ అన్నవి మాయమ్మ అవుతాయి. రెండింటి రూపమూ చెడదు, నడిమి యకారమే రెండు చేతులా రెండింటినీ పట్టుకొంటుంది. చేలో చుట్ట విప్పి పఱచుకొనే నల్ల గొట్టానికి కావలసినది ఈ యడాగమం. దాన్నే బజారులో కంప్రెషన్ ఫిట్టింగు అంటారు. కలవని అచ్చులను బలవంతాన కలిపితే దోషమని పిల్లవాడికి మార్కులు కోస్తాము. గొట్టాల విషయంలో మార్కులు కోసేవాడు లేడు.

పాలిథిన్‌కూ ఏకాదేశం లేకపోలేదు. పెద్ద గొట్టాల కొసలను యంత్రంలో బిగించి, చెక్కి, రెండువందల డిగ్రీల పైచిలుకు వేడి పలకకు ఆనించి, కరిగిన మొగాలను ఒత్తిడితో కలిపి, ఆ ఒత్తిడి మీదే చల్లారనిస్తారు. సరిగా చేసిన ఆ అతుకు గొట్టమంత బలంగా ఉంటుంది. ఊరికి నీళ్ళు తెచ్చే పెద్ద లైన్లకు అదే తగినది. కాని దాని పేరు చెప్పి చేలలో జరుగుతున్నది వేఱు. ఎండుకంప మంటలోనో, పాత టైరు మంటలోనో గొట్టం కొసను కాల్చి, మెత్తబడ్డాక ఇనుప ముక్క మీదికి సాగదీసి ఎక్కిస్తారు. మంటకు డిగ్రీలు లేవు. ఒకవైపు మాడుతుంది, మఱొకవైపు పచ్చిగా ఉంటుంది. సాగినచోట గోడ పలచనవుతుంది, మాడినచోట పెళుసవుతుంది. నాలుగు నెలలు బాగుండి, నిండు వేసవిలో సరిగా అక్కడే చీలుతుంది. బిగువుగా ఉన్న గొట్టం ఎక్కటం లేదంటే కొసను మరిగే నీళ్ళలో కాసేపు ముంచండి. నీళ్ళు నూఱు డిగ్రీలు దాటవు గనుక గొట్టం మెత్తబడుతుంది గాని మాడదు. ఇంతకంటె చౌకయిన పనిముట్టు లోకంలో లేదు. మా ప్రాంతంలో దీన్ని చెప్పే దుకాణం ఒక్కటి కనబడలేదు.

ఇప్పుడు కొలతల మోసం. మోసమనే మాట తెలిసే వాడుతున్నాను. నల్ల గొట్టాన్ని కొలిచేది వెలుపలి వ్యాసంతో, మిల్లీమీటర్లలో: 20, 25, 32, 40, 50, 63. దుకాణంలో మాట్లాడేది అంగుళాలలో. 32ను అంగుళం అంటారు, 63ను రెండంగుళాలు అంటారు. ఇనుప గొట్టానికి అంగుళమంటే లోపలి రంధ్రపు లెక్క. రెండు భాషల నడుమ దుబాసీ లేక రైతు రెండు తడవలు బస్సెక్కుతాడు. ఇంతకంటె లోతైనది ఇంకొకటి ఉన్నది. వెలుపలి కొలత మాఱకుండా, ఎక్కువ ఒత్తిడికి తయారైన గొట్టానికి గోడ మందం లోపలికి పెరుగుతుంది. అంటే 32 మి.మీ. గొట్టాలన్నిటికీ పైకొలత ఒక్కటే, లోకొలత మాత్రం తరగతిని బట్టి మాఱుతుంది. కనుక గొట్టంలోకి దూర్చే పళ్ళ నిపులు ఒక గొట్టానికి బిగువై, మఱొకదానికి వదులై ఉంటుంది. వెలుపలి నుంచి పట్టుకొనే కంప్రెషన్ ఫిట్టింగుకు ఈ బాధ లేదు. పైగా నిపులు లోపల కూర్చొని నీటిదారిని ఇఱుకు చేస్తుంది. మోటారుకు అది ప్రతి అతుకు దగ్గఱా ఒక అడ్డుకట్ట.

అయితే నిపులు పనికిరానిదని నేననను. ఈ సంవత్సరం ఈ మూలకు, వచ్చే సంవత్సరం ఆ మూలకు ఈడ్చుకొనే లైనుకు నిపులే చాలు. కాని దాని మీద బిగించేది కట్టుడు తీగె కాకూడదు. తీగె ఒకచోట కోసుకొని, ఒకచోట వదులై, తుప్పుపట్టి తెగుతుంది. చుట్టూ సమంగా అదిమే క్లాంపు కావాలి. కొసకు రెండేసి, వాటి స్క్రూలు ఎదురెదురు దిక్కులకు. పట్టీతో పాటు స్క్రూ కూడా స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. పట్టీ తళతళలాడుతుండగా స్క్రూ మాత్రం మామూలు ఇనుముతో చేసి అమ్ముతున్నారు. అయస్కాంతం వెంట తీసికొనిపోయి స్క్రూకు ఆనించి చూడండి, గట్టిగా పట్టుకొంటే వద్దనండి. నేను తీసికొనిపోతాను. నన్ను చూడగానే ముఖం చిట్లించే కౌంటర్లు ఊళ్ళో రెండున్నాయి.

పూడ్చే లైనుకు, మళ్ళీ త్రవ్వి చూడలేని లైనుకు కంప్రెషన్ ఫిట్టింగు తప్ప వేఱొకటి వేయకండి. దాని లోపల మూడు వస్తువులు: గొట్టాన్ని కొఱికి పట్టే చీలిక ఉంగరం, నీరు కాఱకుండా ఆపే రబ్బరు ఓ-రింగు, రెండింటినీ అదిమే మర. గొట్టాన్ని నిలువుగా సమంగా కోయాలి. హాక్సా బ్లేడుతో కోస్తే అంచున పీచు మిగులుతుంది, ఆ పీచు రబ్బరును గీస్తుంది. కత్తెర వంటి పైపు కట్టరు దొరుకుతుంది, అది కొనండి. లేదా కోసిన అంచును చాకుతో వెలుపలి నుంచి ఏటవాలుగా చెక్కండి. గొట్టం ఎంత లోపలికి పోవాలో ముందే పెన్నుతో గీత గీయండి. గీత కనబడుతున్నంతవఱకు గొట్టం రబ్బరును దాటలేదన్నమాట. సగంలో ఆగిన గొట్టం పైకి బిగుసుకొన్నట్లే ఉండి, మోటారు వేసిన మరుక్షణం ఊడివస్తుంది. రబ్బరుకు సబ్బునీళ్ళు పూయండి, ఇంజను ఆయిలు వద్దు. నూనె రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది. మరను చేతితో బిగించి, ఆ తరువాత పట్టీ పానాతో కొంచెం. ఇనుప పైపు పానాతో బలం చూపితే ప్లాస్టిక్ మర పగులుతుంది. టెఫ్లాన్ టేపు ఈ మరకు అక్కఱలేదు. వాల్వుకో మోటారుకో కలిసే వైపు చుట్లకు మాత్రమే. ఇక్కడ ఇంకొక్క మాట: ప్లాస్టిక్ ఆడచుట్టులోకి ఇనుప మగచుట్టును ఎన్నడూ బిగించకండి. ఇనుము మేకు వలె ప్లాస్టిక్‌ను చీలుస్తుంది. ప్లాస్టిక్ లోపల, ఇనుము వెలుపల ఉండేటట్లు చూచుకోండి. పలకకు చెక్కచట్రం బిగించి బ్రతికిన ఊరు మాది. ఏది దేన్ని పగులగొడుతుందో మార్కాపురానికి నేర్పవలసి రావటమే విచిత్రం.

బోరులోకి దించే గొట్టం సంగతి వేఱుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ అతుకు తప్పితే పోయేది నీళ్ళు కాదు, మోటారు. పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద సుమారు కిలో ఒత్తిడి. మోటారు మూడువందల అడుగుల లోతున ఉంటే, మోటారు నోటి దగ్గఱ ఒత్తిడి తొమ్మిది కిలోలు. ఆఱు కిలోల తరగతి గొట్టం అక్కడ ఆత్మహత్య. 32 మి.మీ. గొట్టంలో అంత ఎత్తున నిలిచిన నీటి బరువే నలభై కిలోల దరిదాపు. అది చాలనట్లు, స్టార్టరు వేసినప్పుడల్లా మోటారు ఒక్క మెలిక తిరుగుతుంది. రోజుకు పది తడవలు కరెంటు వచ్చిపోయే చోట పది మెలికలు. గిద్దలూరు వైపు బత్తాయి తోట ఉన్న నా పూర్వవిద్యార్థి ఒకడికి మంటలో కాల్చి ఎక్కించిన అతుకు అట్లా ఊడి, మోటారు బోరు అడుగుకు జాఱింది. కొత్త మోటారు, దాన్ని దించటానికి కొత్త బోరు. "అప్పుడు క్లాంపుకు పోయేది చేతి ఖర్చు అయ్యోరా, ఇప్పుడు పోయింది అప్పు" అన్నాడు. వాడు బడిలో వ్యాకరణం సరిగా చదివినవాడు కాదు గాని, లెక్క ఎప్పుడూ తప్పేవాడు కాదు. బోరులోని కలయికకు గొట్టపు తరగతికి తగిన మోటారు అడాప్టరు, దాని మీద కనీసం రెండు మంచి క్లాంపులు, విడిగా నైలాన్ మోకు. మోకు కట్టని మేస్త్రీకి కూలి ఇవ్వకండి.

ఎండ మాట. మా ఎండ మీరెఱుగుదురు. పాలిథిన్ వేడికి సాగే గుణం లోహాలకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. వేకువకూ మధ్యాహ్నానికీ నడుమ నల్ల గొట్టపు వేడిలో ముప్పై డిగ్రీల తేడా వస్తే, నూఱు మీటర్ల గొట్టం సుమారు అర మీటరు సాగి, రాత్రికి మళ్ళీ ముడుచుకొంటుంది. మధ్యాహ్నం సాగిన గొట్టాన్ని తాడు వలె బిగలాగి అతికితే, వేకువన అది తన అతుకును తానే పీక్కొంటుంది. పాము పోకడగా వదులు వదలి పఱచండి, వీలైతే పూడ్చండి, సాయంత్రం పూట అతకండి.

డ్రిప్పు గూర్చి క్లుప్తంగా. 2003లో సూక్ష్మసేద్య పథకం మొదలైనది మొదలు మా వైపు తోటలలోకి సన్న గొట్టాలు వచ్చాయి, మేలు చేశాయి. సబ్‌మెయిన్‌కు రంధ్రం చేసి రబ్బరు గ్రామెట్ కూర్చి, దానిలో టేకాఫ్ దూర్చి, లాటరల్ తగిలిస్తారు. గ్రామెట్‌కు సరిపోయే డ్రిల్లు బిట్టుతో చేయవలసిన ఆ రంధ్రాన్ని కాల్చిన ఇనుపచువ్వతో పొడుస్తున్నారు. గుండ్రని రబ్బరు కోడిగ్రుడ్డు రంధ్రంలో నీరెట్లా ఆపుతుంది? సాలు మొదటి చెట్టు కాళ్ళు నీళ్ళలో ఉంటాయి, చివరి చెట్టు ఆకు ముడుచుకొంటుంది. అప్పుడు డ్రిప్పు పనికిరాదని ఊరంతా తీర్పు!

ఇక ప్రజల సొమ్ము. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రతి గ్రామీణ గృహానికీ కుళాయి అన్నది, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది. గొప్ప సంకల్పం, నేను దానికి వ్యతిరేకిని కాను. కనిగిరి మొదలుకొని ఇటు వైపు ఎన్నో పల్లెలలో భూమిలోని నీరు ఫ్లోరైడుతో ఎముకలను వంచింది. అటువంటి చోట గొట్టం వెంట వచ్చే మంచినీరు అమృతమే. కాని ఆ నీరు పెద్ద గొట్టం నుంచి ఇంటి గొట్టంలోకి మళ్ళే చోట కూర్చొనే శాడిల్‌ను, అంటే ఆ జీనును, ఎవరైనా తనిఖీ చేస్తున్నారా? కాలువ గట్టున ఒకసారి నిలబడి చూడండి. నిమిషానికి లీటరు సీసా నిండే కారుడును ఎవ్వరూ కారుడుగానే లెక్కించరు. నీళ్ళు వదిలేది రోజుకు గంటసేపే అనుకొందాం: అఱవై లీటర్లు. ఒక మనిషి వాటా మురుగులోకి పోయింది, ఇంకా ఐదు లీటర్లు పైన.

పోయేదానికంటె వచ్చేది భయంకరం. నీళ్ళు ఆపగానే గొట్టం ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. కారే అతుకు అప్పుడు త్రాగే నోరవుతుంది. ఆ అతుకు మా ఊళ్ళలో ఎక్కడుంటుంది? మురుగుకాలువ అడుగున. ఇరవైనాలుగు గంటలూ ఒత్తిడి ఉండే నగరపు లైనులో వదులు అతుకు నీళ్ళు పోగొట్టటంతో ఊరుకొంటుంది. గంటసేపు నీళ్ళిచ్చే పల్లెలో అది మురుగును తెచ్చి బిందెలో పోస్తుంది. కనుక నీళ్ళు తక్కువ ఉన్న ఊరికే మంచి అతుకు ఎక్కువ కావాలి. మన ఖర్చుల లెక్కలలో ఇది సరిగా తలక్రిందులుగా ఉన్నది.

"అయ్యా, ముందు వెలిగొండ రానివ్వండి, అతుకులు తరువాత చూద్దాం" అని నాతో వాదించినవారున్నారు. 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం త్రవ్వకం 2021 జనవరిలో, రెండవది 2024 జనవరిలో ముగిశాయి. నల్లమల కడుపులో పద్దెనిమిది కిలోమీటర్లు దాటి త్రవ్వినవారి శ్రమకు నమస్కారం. ఆ నీళ్ళ కోసం జరిగిన సభలలో నేనూ కూర్చొన్నాను, మళ్ళీ పిలిచినా కూర్చొంటాను. కాని కృష్ణ నుంచి కొండను తొలిచి తెచ్చిన నీరైనా చివరకు చేలో ఒక 63 కప్లరులోంచో, వీధిలో ఒక అరంగుళం శాడిల్‌లోంచో రావలసినదే. అప్పటికి అతకటం నేర్చుకొంటాములే అంటే, ముప్పై యేండ్లుగా చేతికి అలవాటైన సైకిల్ ట్యూబు ఒక్క రోజులో పోతుందా?

కంభం చెఱువును చూడండి. విజయనగర కాలపు మనుషులు రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కట్ట అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారు వారసత్వ కట్టడంగా గుర్తించారు. మట్టికట్టకు గండం ఎక్కువగా తూము దగ్గఱే, రాయీ మట్టీ కలిసే చోటనే. ఆ కలయిక వెంట సన్నని ఊట దారి చేసికొంటుంది. తూము దగ్గఱ ఏమరుపాటు చూపి ఉంటే ఇన్ని వందల యేండ్లు ఆ కట్ట నిలిచేది కాదు. వారికి పాలిథిన్ తెలియదు, అతుకు తెలుసు.

ఖరీదు మాటకు సమాధానం చెప్పి ముగిస్తాను. కంప్రెషన్ ఫిట్టింగు ఖరీదైనదే, నేను కాదనను. నిపులు, తీగె కలిపి కొన్నదానికి ఎన్నో రెట్లు. అందుకే నేను రైతును కొనమని శాసించటం లేదు. రాయితీ మీద గొట్టం ఇచ్చేవారు ఫిట్టింగుకూ రాయితీ ఇవ్వాలి అంటున్నాను. పనుల అంచనాలో గొట్టానికి ఐ.ఎస్. 4984 అని ముద్ర చూచినంత పట్టుదలగా శాడిల్‌నూ, కప్లరునూ, వాటి రబ్బరునూ పేరు పెట్టి అడగాలి; కాలువ పూడ్చకముందు నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి, ఊరివాళ్ళ ఎదుట అతుకులు చూపించాలి. పూడ్చిన తరువాత చూపించే ఫోటో ఎవరికి కావాలి? పంచాయతీకి ఒక పైపు కట్టరు, ఒక పట్టీ పానా, ఒక డ్రిల్లు, గ్రామెట్ల బిట్లు కొని రచ్చబండ దగ్గఱ గదిలో ఉంచి, కావలసినవాడికి సంతకం మీద ఇవ్వాలి. గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చినట్లే. వీధిలైట్ల ఖర్చులో ఇది కనబడనంతటి మొత్తం. ఈ మాట మా వైపు ఒక గ్రామసభలో లేచి చెప్పాను. వ్రాసికొన్నామన్నారు. వచ్చే సభలో ఆ పుస్తకం తెఱచి చదవమని అడగబోతున్నాను.

మిత్రులకొక విన్నపం. గ్రామెట్, టేకాఫ్, శాడిల్, ఫెర్రుల్, వీటిని మీ మీ ఊళ్ళలో మేస్త్రీలు ఏ పేర్లతో పిలుస్తున్నారో తెలియజేయండి. నిఘంటువు నుంచి తీసినవి వద్దు, పనిలో వాడుతున్నవి కావాలి. గిద్దలూరు వైపు ఒక మేస్త్రీ ఓ-రింగును "గాజు" అంటాడు. మణికట్టుకు పట్టినట్లు గొట్టానికి పట్టేది గాజు కాక మఱేమిటి!